మోకాల్లోతు నీళ్ళలో మా అక్క తీసిన కలుపు

మా పక్క గడ్డి అంటే రెండే రకాలు. ఎద్దు తినేది ఒకటి, చేనును తినేది ఒకటి. మూడో రకం ఇంకోటి ఉండాదని, అది సముద్రం అడుగున పెరుగుతుందని, దాన్ని చూసేదానికి నేనూ మా అక్కా రైళ్ళు మారి మారి పోతామని ఎవరన్నా ముందే చెప్పింటే నవ్వేదాన్ని. పోయినాం, వచ్చినాం. పోనివాళ్ళకు చెప్పాల గదా, అందుకే రాస్తాండా.

నా పేరు హుసేనమ్మ. తాడిపత్రిలో జాకెట్లు కుడతా. మా ఇండ్లలో అందరం తెలుగే మాట్లాడతాం. నమాజు అరబ్బీలో, కొట్లాట తెలుగులో. మా అక్క కుళ్ళాయమ్మ కణేకల్లు పక్క మా పుట్టినూర్లోనే ఉండాది. కాలువ నీళ్ళు అందని మెట్ట చేను, శెనక్కాయ తప్ప ఇంకోటి పండదు. బావ లేడు. ఒకే కూతురు రజియా. ఆ పిల్ల చదివీ చదివీ తమిళనాడులో, రామేశ్వరం పక్క సముద్రం కాడ, నీళ్ళ కింద గడ్డి మింద పరిశోధన చేస్తాండాది. ఫోన్ చేస్తే అక్క మొదటి మాట "ఎప్పుడొస్తావు పాపా?" రెండో మాట "తింటివా?" ఆ పిల్ల రెండో దానికే జవాబు చెప్తాది.

ఈ ఎండాకాలం అనంతపురంలో ఒక ప్రైవేటు కాలేజీ వాళ్ళు రజియాకు ఉద్యోగం ఇస్తామన్నారు. నెలాఖరు లోపల సరే అనల్ల. పిల్లేమో "చూస్తాంలేమా" అంటాండాది. "చూసేది గీసేది లేదు, నేనే పోయి తోలుకొస్తా" అని అక్క లేచింది. ఒంటిగా పంపలేక నేను తోడు పోయినా. నాకు తమిళం వస్తాదని అక్క నమ్మకం. ఒక తమిళాయన పెండ్లానికి నాలుగు జాకెట్లు కుట్టినంత మాత్రాన భాష వస్తాదా? అయినా నేను కాదనలేదు.

తాడిపత్రి స్టేషన్

అక్క చేతిలో రెండు సంచులు. ఒక దాంట్లో జొన్నరొట్టెలు, ఊరుబిండి, నిప్పట్లు, శెనక్కాయల పొడి. రెండోది ఖాళీ. మడిచి చంకలో పెట్టుకోనుండాది.

"ఇదెందుకక్కా?"

"దాని బట్టలకు. వచ్చేటప్పుడు యాడ పెడతాం?"

ఆ సంచి చూసి నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. మా అక్క ఒకటి అనుకుంటే అంతే. చిన్నప్పుడు నాయన బండి తోలేటప్పుడు తానే ముందర కూర్చుంటానని మూడు పూటలు అన్నం మానేసిన మనిషి.

మద్రాసు దాటినాక

రాత్రి మద్రాసులో రైలు మారి, తెల్లారేసరికి ఇంకో రకం నేలలో ఉన్నాం. ఎదురుగా రామేశ్వరం పోయే ముసలాయన, ఆయన భార్య. ఆయమ్మ అరిటాకు విప్పి చింతపండు అన్నం తీసింది. అక్క రొట్టె, ఊరుబిండి తీసింది. ఇంక మాటలెందుకు, ఇచ్చి పుచ్చుకున్నాం. ఆ పెద్దాయన ఊరుబిండిని తొక్కు అనుకోక పప్పు అనుకున్నాడో ఏమో, గుప్పెడు తీసి నోట్లో పెట్టుకున్నాడు. కండ్లెంబడి నీళ్ళు. ఆయమ్మ మొగుణ్ణి చూసి నవ్వీ నవ్వీ, నా చేతిలో సీసా లాక్కొని ఆయనకు తాపింది. ఆ సీసా నీళ్ళు ఇరవై రూపాయలు పెట్టి కొన్నవి. మా అక్క దానికి రెండు స్టేషన్లు సణిగింది. మా ఊర్లో ట్యాంకరు వస్తే ఇరవై రూపాయలకు డ్రమ్ము నింపుకుంటామని ఆమె లెక్క.

రామనాథపురం టీ అంగడి

ఇక్కడ దిగి బస్సు కోసం చూస్తాంటే అక్క నా చెయ్యి పట్టుకొని, "ఏమే హుసేనూ, మళ్ళా మన ఊరికే వచ్చినామా?" అనింది. ఆమె తప్పేం లేదు. ఎటు చూసినా కంపచెట్లు. మా చెరువుల్లో, మా బీళ్ళలో మొలిచిన ముండ్లకంపే ఇక్కడా దారి పొడుగునా ఉండాది. ఎండిన చెరువులు, చెరువు మధ్యలో మేకలు. ఎండ కూడా మన ఎండే, కాకుంటే కొంచెం ఉప్పు కలిపినట్టుండాది.

టీ అంగడామె మా మాటలు విని తల ఎత్తింది. "మీరు తెలుగోళ్ళా?" అని అడిగింది. ఆమె తాతల తాతలు ఎప్పుడో ఈ నేలకు వచ్చినారంట. ఇంట్లో తెలుగే, కానీ చదవను రాయను రాదు. ఆమె తెలుగు వింటే మా జేజి మాట్లాడినట్టుండింది. "ఈడ నీళ్ళు బిందె పన్నెండు రూపాయలు, మీ ఊర్లో ఎంత?" అని అడిగింది. సముద్రం అంత దగ్గర పెట్టుకొని బిందె నీళ్ళు కొనుక్కునే ఊరును నేను చూస్తానని అనుకోలేదు. అక్క ఆమెకు నాలుగు నిప్పట్లు ఇచ్చింది. ఆమె టీకి దుడ్లు తీసుకోలేదు.

రజియా ఊరు

చేపలవేట ఆపే నెలలు. పెద్ద పడవలన్నీ ఒడ్డున ఉండాయి. వలలు అల్లుకుంటా మగోళ్ళు నీడలో కూర్చోనున్నారు. రజియా ఎదురొచ్చింది. నల్లగా, కట్టెపుల్ల మాదిరి అయిపోయింది పిల్ల. నెత్తిమీద టోపీ, చుడీదారు మింద మగోళ్ళ చొక్కా. అక్క దాన్ని కావిలించుకొని, "ఇట్లయితివా పాపా" అని ఏడ్చింది. నేనూ ఏడ్చినా. రజియా మాత్రం మా సంచులు తీసుకుంటా, "ఇదేందిమా, ఖాళీగా ఉండాది?" అని అడిగింది. అక్క దాన్ని లాక్కొని మళ్ళా చంకలో పెట్టుకుంది.

ఆ పొద్దు అన్నంలోకి చేపల పులుసు. రజియాతో పనిచేసే ముత్తులక్ష్మి అనే ఆమె వండి తెచ్చింది. సముద్రంలో పాచి ఏరి అమ్ముకునే ఆడోళ్ళలో ఒకతి, నా వయసే ఉంటాది. సంగటి తిని పెరిగిన నోటికి ఆ పులుసు బాగానే దిగింది కానీ అక్క ముల్లు తీసే తెలివి లేక సగం ఆకులోనే పెట్టింది. ముత్తులక్ష్మి పక్కన కూర్చొని చిన్నపిల్లకు తీసినట్టు ముండ్లు తీసి పెట్టింది. రజియా మా మాటలు అటూ ఇటూ చెప్తా తన అన్నం మర్చిపాయ.

తర్వాత రజియా మమ్మల్ని తన గదిలోకి పిలిచి ఒక గొట్టం చూపించింది. నీళ్ళ కింద గడ్డి ఉన్నచోట దించి, బురదను పొరలు చెదరకుండా తీసిన గొట్టం. పైన బూడిద రంగు ఇసుక, కిందికి పోయేకొద్దీ నలుపు. కింది కొసన కాటుక మాదిరి ఉండాది. రజియా ఆ నల్లది కొంచెం తీసి వాళ్ళమ్మ అరచేతిలో పెట్టింది.

అక్క ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత నా ముక్కు దగ్గర పెట్టింది.

నేను చెప్పలేను. ఎన్నేండ్లయిందో ఆ వాసన చూసి. మురుగు వాసనే, కోడిగుడ్డు చెడినట్టు ఉంటాది, కానీ అది మా చెరువు వాసన. ఎండాకాలం చెరువు అడుగు కనపడితే మా నాయన బండి కట్టి మన్ను తోలేవాడు. పై మన్ను పెళ్ళలు పెళ్ళలుగా పగిలి ఉంటాది, గడ్డపారతో లేపితే కింద ఈ నలుపే, ఈ వాసనే. మేమిద్దరం మన్ను నిండిన బండి మింద కూర్చొని చేనికాడికి పోయేవాళ్ళం. చేనంతా కుప్పలు పోసి, అమ్మ గంపతో చల్లేది. ఒకసారి తోలితే మూడు నాలుగేండ్లు ఆ చేనుకు ఢోకా లేదు. వాన తప్పినా పదును నిలిచేది. ఇప్పుడు ఆ చెరువులో కంపే. నీళ్ళు వచ్చి ఎన్నేండ్లయిందో, మన్ను తోలేవాళ్ళు ఎవరూ లేరు. అందరం సంచుల్లో ఎరువు కొనుక్కుంటాం.

"ఇది మన చెరువు మన్నే గదా పాపా?" అనింది అక్క.

రజియాకు కండ్లు మెరిసినాయి. చెప్పడం మొదలుపెట్టింది. నాకు అర్థమైనంత చెప్తా. ఆ గడ్డి నీళ్ళ జోరును తగ్గిస్తాదంట. జోరు తగ్గితే నీళ్ళలో ఉండే సన్న మన్ను, ఆకులూ చెత్తా కిందికి దిగి గడ్డి మొదట్లో నిలబడతాయి. గడ్డి చచ్చినా దాని ఏర్లు ఆ బురదలోనే ఉంటాయి. ఆ బురదలో గాలి ఆడదు, అందుకని తొందరగా కుళ్ళవు. గడ్డి నీళ్ళలోనుంచి పీల్చుకున్న బొగ్గు, కార్బన్ అంటారే, అదంతా, పొలాల నుంచి వంకలెంబడి కొట్టుకొచ్చిన సత్తువా ఆ అడుగున పొర మింద పొర చేరి, మన జేజి తాతల కాలం నాటిది కూడా అట్లే ఉంటాదంట. గడ్డిని పెరికితే మాత్రం బురద కదులుతాది. దాచిపెట్టిందంతా లేచి నీళ్ళపాలు, గాలిపాలు.

"మనం పోగొట్టుకున్న సత్తువంతా వచ్చి ఈడ చేరిందా?" అనింది అక్క.

"అంతా కాదులేమా. కొంత."

"అయినా మేలే. యాడో ఒక తావ ఉండాది."

మా నాయన ఉంటే ఆ నల్లమన్ను చూసి ఎంత సంతోషపడేవాడో అనిపించింది.

రజియా ఇంకో మాట కూడా చెప్పింది. పెద్ద వలలు ఈడ్చి గడ్డి పోయిన ఒక చోట తనూ ముత్తులక్ష్మి వాళ్ళూ మళ్ళీ నాటినారు. కొబ్బరి తాడు పురి విప్పి, గడ్డి దంటు దూర్చి, తాడును వెదురు చట్రానికి కట్టి, నీళ్ళలో దించి మేకులు కొట్టినారు. దీనికి దుడ్లిచ్చేవాళ్ళు వానకాలం మొదట్లో వచ్చి చూస్తారు. గడ్డి నిలబడింటే ఇంకా రెండేండ్లు పని. లేకుంటే ఇంతటితో సరి. కాలేజీకి జవాబు చెప్పకుండా ఆ పిల్ల ఎందుకు నానుస్తాందో నాకప్పుడు తెలిసింది. అక్క వింటాండాది కానీ ఆ ఖాళీ సంచిని ఒళ్ళోనుంచి తియ్యలేదు.

మోకాల్లోతు నీళ్ళు

మరుసటి పొద్దున ఆ చోటుకు తీసుకుపోయింది. ఒడ్డు నుంచి చానా దూరం మోకాల్లోతే. నీళ్ళు అద్దం. కింద వెదురు చట్రాలు, వాటిలో సాలు సాలుగా గడ్డి, సన్నగా పొడుగ్గా రిబ్బన్ల మాదిరి. నేను చీర దోపుకొని చూస్తా, కొత్త చెప్పు ఒకటి బురదలో పోగొట్టుకున్నా. తాడిపత్రిలో మూడొందలు పెట్టి కొన్నది. రజియా ఏదో సామాను మర్చిపోయానని ఒడ్డుకు పోయింది. నేను చెప్పు కోసం బురదలో చేతులు పెట్టి వెతుక్కుంటా వెతుక్కుంటా అంత దూరం పోయినా. చెప్పు దొరికేసరికి నడుము విరిగింది.

వెనక్కి తిరిగి చూస్తే అక్క వంగి ఉండాది. మా ఊర్లో కలుపు తీసే మనిషి ఎట్ల వంగుతుందో అట్లే. ఎడమచేయి మోకాలు మింద, కుడిచేయి నీళ్ళలో. ఏదో పాట కూడా పాడుకుంటాండాది. పక్కన కొంగు మూట నిండుగా ఉండాది.

రజియా కూడా అప్పుడే వచ్చింది.

"చూడు పాపా," అనింది అక్క నడుము నిలబెట్టి, "నువ్వు పొడుగాకు నాటితే దాని నడుమ గుండ్రాకుది ఎంత మొలిచిందో. గంగపాయలాకు మాదిరి. మీవాళ్ళు ఎవరూ చూసుకోలేదు. శుభ్రం చేసినా."

రజియా నీళ్ళలోకి చూసింది. గుండ్రాకు తీసేటప్పుడు దాని తీగలతో చిక్కుకొని నాటిన పొడుగాకు కూడా వచ్చేసింది. మూడు చట్రాలు బోడిగా ఉండాయి. బురద లేచి నీళ్ళు కలక.

పిల్ల అరవలేదు. అరిచింటే బాగుండు. "అమ్మా, దీనికేనా నువ్వు వచ్చింది?" అనింది. సామాను నాకిచ్చి ఒడ్డుకు పోయింది.

అక్కకు అర్థం కాలేదు. నాకూ సగమే అయింది. వెనకాలే వచ్చిన ముత్తులక్ష్మి తలకొట్టుకొని, రజియా కాడ నేర్చుకున్న వచ్చీ రాని తెలుగుతో, సైగలతో చెప్పింది. ఆ గుండ్రాకు ఎవరూ నాటింది కాదు, దానంతట అదే వచ్చింది. చెడిన నేల బాగుపడితేనే అది వస్తాది. అది వచ్చినరోజు రజియా ఈ నీళ్ళలో ఎగిరిందంట.

కొంగులో మూట పట్టుకొని మా అక్క అట్లే నిలబడింది. చేనులో విత్తింది ఒకటయి మొలిచింది ఇంకొకటయితే పీకడమే ఆమెకు తెలుసు. పుట్టినప్పటినుంచి ఆ చెయ్యి చేసిందదే. కానీ కూతురు అట్ల అనుకోలేదు. తనను ఇంటికి తోలుకుపోయేదానికి తల్లే పని చెడగొట్టిందని అనుకుంది.

ఒడ్డున

కూర్చున్నాం. అక్క మూటను నీళ్ళలోనే ఉంచి కొస పట్టుకోనుండాది.

"హుసేనూ, ఇప్పుడు ఈ పని పోతే పిల్ల ఇంటికి వస్తాది గదా?"

"వస్తాది."

"నేను వచ్చింది దానికే గదా?"

"దానికే."

నిజం చెప్తా, నాకు కూడా మనసులో ఒక మూల, పోనీలే, పిల్ల దగ్గరికొస్తాది అనిపించింది.

"ఇట్ల వస్తే నాకొద్దు," అనింది అక్క. "ఇట్ల వచ్చి నా ఎదురుగా కూర్చుంటే నాకు ముద్ద దిగదు."

లేచి తడి చీరతోనే రజియా గదికి పోయింది. నేను వెనకాల. పిల్ల గోడకు తిరిగి కూర్చోనుండాది.

"పాపా, నా చెయ్యి చేసింది, నేను చెయ్యలేదు. నీ మింద ఒట్టు. ఆడోళ్ళను పిలువు. ఎట్ల నాటల్లో చెప్పు, ఎండ ఎక్కేలోపల పెడతాం."

"నువ్వు కలుపనుకున్నావా?"

"కలుపు కాకుంటే ఏందది? నువ్వు నాటింది కాదు గదా."

రజియా తిరిగి చూసింది. ముందు నవ్వింది, నవ్వుతానే ఏడ్చింది. "పద మా" అని లేచింది.

ఆ పొద్దంతా ముత్తులక్ష్మి, ఇంకా ఇద్దరు ఆడోళ్ళు, మేము నీళ్ళలోనే. నేను తాడు పురి విప్పేదాన్ని, అందరిలో నావే సూది తిప్పిన వేళ్ళు. అక్క మొదట వరినారు మాదిరి దంట్లను లోపలికి గుచ్చింది. రజియా పీకేసి, "అట్ల కాదు మా, ఏర్లు పడుకోవాల, మింద కొంచెం బురద చాలు" అని చేయి పట్టుకొని చూపించింది. అక్క మళ్ళీ గుచ్చింది. మళ్ళీ పీకింది. ముత్తులక్ష్మి అక్కను చూసి ఏదో అనింది, ఆడోళ్ళందరూ నవ్వినారు. ఏమనిందని రజియాను అడిగితే, "మా అత్త కూడా ఇట్లే చెప్పిన మాట వినదు" అనిందంట. అక్క కూడా నవ్వింది. మాపటికి అందరి వేళ్ళూ నాని తెల్లగా అయిపోయినాయి.

గుండ్రాకు మాత్రం కట్టేదానికి రాలేదు. చట్రాల మధ్య బురదలో చేత్తో ఆనించి వదిలినాం. అది నిలబడేది కష్టమని రజియా మాతో దాచలేదు.

తిరుగుదావ

బస్సు తావ అక్క ఖాళీ సంచిని మళ్ళీ మడిచింది. మడిచిన మడతల్లోనే మడిచింది. "కాలేజీ వాళ్ళకు నువ్వే చెప్పుకో పాపా, నీకు ఏం చెప్పాలనిపిస్తే అది" అనింది. రజియా తల ఊపింది. ముత్తులక్ష్మి ఎండుచేపలు పొట్లం కట్టి ఇచ్చింది. రైలంతా కంపు, పక్కన కూర్చున్నవాళ్ళు లేచి పోయినారు. మాకు కాళ్ళు చాపుకునేదానికి తావు దొరికింది.

నేను నేరుగా తాడిపత్రికి పోకుండా అక్కతో పాటు ఊరికి పోయినా. చెరువులోకి దిగుదామని అక్కే అనింది. కంప తప్పించుకుంటా అడుగుకు పోయి, కట్టెతో తవ్వి, చేతిలోకి తీసి చూసినాం. తెల్లగా పొడి. ఏ వాసనా లేదు. బండి మింద కూర్చొని ఈ దావనే పోయినాం గదా అని తలుచుకుంటే ఏడుపొచ్చింది, ఏడ్చినా. అక్క ఏడ్వలేదు. "నాయన తోలింది చేనులో ఇంకా కొంచెమన్నా ఉంటాదిలే" అనింది.

శెనక్కాయ చేనులో

వానలు పడినాయి. అక్క విత్తింది. మొదటి కలుపుకు మనిషి దొరకలేదంటే నేను అంగడి మూసి పోయినా. సాల్లో ఉండగా ఫోన్ మోగింది. మన్ను చేత్తోనే నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది. నేను పక్కనే ఉండా, అంతా వినపడతాండాది.

ఎప్పుడూ అడిగే మాట అక్క అడగలేదు. "నిలబడినాయా పాపా?" అనింది.

"మనం నాటిందాంట్లో సగం పాయమా. సగం పట్టుకున్నాయి. నిన్న వచ్చి చూసినారు."

"ఆ గుండ్రాకు?"

"మనం పెట్టింది పోయింది. కానీ మళ్ళీ దానంతట అదే వస్తాంది. అది చూసే ఒప్పుకున్నారు. ఇంకా రెండేండ్లు."

అక్క సాల్లో కూలబడింది. చేతిలో పీకిన కలుపు అట్లే ఉండాది. "అయితే ఉండు పాపా, ఆడనే ఉండు," అనింది.

తర్వాత రజియా అడిగింది. "మా, నువ్వు ఎప్పుడొస్తావు?"

అక్క నన్ను చూసింది. చేనును ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూసింది.

"శెనక్కాయ పీకినాక వస్తా," అనింది.